ఎవరి పిల్లవాణ్ణి వాళ్లు వెతక్కూడదు

మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపే మాస్టారు పాస్‌పోర్టు ఫొటో తీస్తానంటే చచ్చినవాడు కూడా లేచి కాలర్ సర్దుకుంటాడని నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. ముప్పై ఏళ్లుగా నీలం గుడ్డ ముందు స్టూలు వేసి, దాని మీద కూర్చున్న ప్రతివాడికీ ఆయన ఒకటే మాట చెబుతున్నాడు, గడ్డం కొంచెం పైకి అని. అందుకే కుర్రకారు ఆయనకి గడ్డమెత్తు మాస్టారని పేరు పెట్టారు. ఆయనకి తెలుసు. తెలిసినా ఏమీ అనడు. ఎదుటివాడి మొహం మీది మచ్చని అడక్కుండానే చెరిపేసి ఇచ్చే మనిషి, పేరు పెట్టారని కోప్పడతాడా?

చెరపడమే ఆయన విద్య. పూర్వం సన్న కుంచెతో చేసేవాడు, తర్వాత కంప్యూటరు మీద. మొటిమలు పోయేవి, గాట్లు పోయేవి, నిద్ర లేని కళ్ల కింది నలుపు పోయేది. ఒకావిడ తన ఫొటో చేతిలోకి తీసుకుని అక్కడే ఏడ్చింది, పదేళ్లుగా తనని ఎవరూ ఇలా చూడలేదని. అబద్ధాలు నేనూ ఆడతాను. సిస్టర్ల బడిలో చదువుకున్నన్నాళ్లూ వాటి కోసమే మోకాళ్ల మీద నిలబడ్డాను. కానీ నావి ఏనుగంత ఉంటాయి, వీధి మొదట్లోంచే కనిపిస్తాయి, జనం పక్కకి తప్పుకుని నవ్వుకుంటూ పోతారు. మాస్టారివి కనపడవు. కొలత ప్రకారం కత్తిరించి, కవర్లో పెట్టి, చేతికిస్తాడు.

ఆ ఏడాది మా చుట్టుపక్కల నుంచి నలుగురు కుర్రాళ్లు సైన్యంలో చేరారు. మాస్టారి కొడుకు, బస్సు డ్రైవరు కొడుకు, నా మనవడు, ఇస్త్రీ కొట్టు దంపతుల ఒక్కగానొక్క కొడుకు. మొదటి ముగ్గురికీ చేరాలన్న సరదా ఉంది. ఇస్త్రీ కొట్టబ్బాయికి సరదా కంటే స్నేహం ఎక్కువ, వాళ్లు వెళ్తున్నారు కాబట్టి వాడూ బయల్దేరాడు. మెత్తని పిల్లవాడు. తల్లి రెండోసారి పిలిస్తేగాని కంచం ముందుకి రాడు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె బరువు తనతోనే ఆగిపోవాలని ఆవిడ పట్టుదల. బస్సెక్కించే రోజున వాడు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగి చూశాడు.

"మధ్యలో వచ్చేశావంటే గుమ్మం ఎక్కనివ్వను, చూసుకో" అంది తల్లి నవ్వుతూ.

మేమంతా నవ్వాం. వాడూ నవ్వాడు.

క్యాంపు పన్నెండు వారాలు. గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకున్నారు. ఆరు వారాలు నిండేదాకా ఇంటికి మాట్లాడటం లేదు, ఆ తర్వాత ఆదివారానికి ఐదు నిమిషాలు. పిల్లలు బతికే ఉన్నారని మాకు తెలియడానికి ఒక్కటే దారి. ప్రతి శనివారం సాయంత్రం క్యాంపు వాళ్లు తమ పేజీలో ఒక ఫొటో పెట్టేవారు, బ్యాచ్ మొత్తాన్ని మెట్ల మీద నిలబెట్టి తీసింది. రెండు వందల పైచిలుకు గుండ్లు. ఒకే చొక్కా, ఒకే ఎండ, ఎండకి చికిలించిన ఒకే రకం కళ్లు.

మా ఫోన్లలో చూస్తే చింతగింజలు పోసినట్టుండేది. మాస్టారు తన పెద్ద కంప్యూటరు మీద చూద్దాం రమ్మన్నాడు. అలా ఆదివారం పదింటికి స్టూడియో తలుపు సగం మూసి మేం కూర్చోవడం మొదలైంది. మాస్టారు, ఆయన భార్య, డ్రైవరు, ఇస్త్రీ దంపతులు, నేను. నా మనవడి తల్లి, అంటే మా అమ్మాయి, నర్సు. ఆదివారాలు డ్యూటీ. అల్లుడు పోయి చాలా కాలమైంది. అందుకని వాడి తరఫున చూసే కళ్లు నావి, అవీ శుక్లాలు తీయించినవి.

మొదటి ఆదివారం పెద్ద గొడవైంది. రెండో వరుసలో ఒక కుర్రాణ్ణి మాస్టారి భార్య తన కొడుకంది, ఇస్త్రీ ఆవిడ కాదు నా కొడుకంది, డ్రైవరు ఇద్దరినీ తోసుకొచ్చి మా వంశం ముక్కు నాకు తెలియదా అన్నాడు. తీరా పెద్దది చేసి చూస్తే ఆ ముక్కు మా ఎవరి వంశానిదీ కాదు. ముగ్గురికీ మొహాలు మాడిపోయాయి. కన్నబిడ్డని పోల్చుకోలేకపోవడం కంటే సిగ్గుచేటు ఏముంటుందని ఇస్త్రీ ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అప్పుడు మాస్టారు ఒక నియమం పెట్టాడు. ఎవరి పిల్లవాణ్ణి వాళ్లు వెతక్కూడదు. కన్నవాళ్ల కళ్లు ఆత్రంలో మసకబారతాయి, అందుకని మీవాణ్ణి మేం వెతుకుతాం, మావాణ్ణి మీరు వెతకండి అన్నాడు. బాగుందనుకున్నాం. నిజంగానే బాగుండేది. డ్రైవరు నా మనవణ్ణి చిటికెలో పట్టేసేవాడు, తాతగారి చెవులే వచ్చాయి, దాచినా దాగవు అంటూ. దొరికినవాణ్ణి మాస్టారు కత్తిరించి, వెలుగు సరిచేసి, పోస్టుకార్డంత ప్రింటు తీసి వాళ్ల చేతికిచ్చేవాడు. దాంతో వారం గడిచేది.

ఇంకో సంగతి కూడా అలవాటైంది. వెతికినవాళ్లు ప్రింటు ఇస్తూ ఒక మంచిమాట చెప్పాలి. రంగు తగ్గినా కండ పట్టాడనో, ముందు వరుసలోకి వచ్చాడంటే పరుగులో ముందున్నాడన్నమాటేననో. నా వంతు వచ్చినప్పుడు నేను ఊరుకుంటానా? మాస్టారి కొడుకు గోడ దూకిన తీరు చూసి క్యాంపు వాళ్లు గోడ ఎత్తు పెంచారని చెప్పాను. నవ్వేవాళ్లు. వారానికి ఆ ఒక్కరోజే వాళ్లు నవ్వేవాళ్లు. మిగతా ఆరు రోజులూ డ్రైవరు స్టాపులు దాటించేస్తున్నాడని ప్రయాణికులు తిట్టేవారు. మాస్టారి భార్య ఎవరూ లేని మంచానికి దుప్పటి మార్చేది.

మొదటి రెండు వారాలూ ఇస్త్రీ కొట్టబ్బాయి దొరికాడు. మూడో ఆదివారం దొరకలేదు.

నలుగురం వరుసలవారీగా చూశాం. ముందు పైనుంచి కిందికి, తర్వాత కిందనుంచి పైకి. ఇస్త్రీ ఆవిడ నియమం ప్రకారం గోడవైపు తిరిగి కూర్చుంది. ఆవిడ భర్త చేతులు తొడల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆయన మామూలుగానే మాట్లాడడు. పావుగంటైంది. ఎవరం ఏమీ అనడం లేదని ఆవిడ వీపుకి తెలిసిపోయింది. ఆ వీపు వణకడం మాస్టారు చూశాడు.

చివరి వరుసలో, ముందువాడి భుజం వెనక సగం దాగిన మొహం ఒకటుంది. ఒక కన్ను, కొంచెం నుదురు, ఒక చెవి.

"అదిగో, దాక్కున్నాడు దొంగ" అన్నాడు మాస్టారు.

డ్రైవరు నావైపు చూశాడు. నేను కంప్యూటరు వైపు చూశాను. తర్వాత ఇద్దరం అవునవునన్నాం. మాస్టారి భార్య, సిగ్గరి పిల్లాడు కదా, ముందుకెలా వస్తాడు అంది. నేను ఇంకో అడుగు ముందుకేసి, వెనక వరుసలో నిలబెట్టేది ఎత్తైనవాళ్లనే, వాడు రెండంగుళాలు పెరిగి ఉంటాడని చెప్పాను. ఆ రెండంగుళాలు నావి. ఎవరి మీదికీ నెట్టను.

తర్వాత వారం నుంచి మాస్టారికి అసలు పని మొదలైంది. ఎవరో తెలియని ఆ కుర్రాణ్ణి ప్రతివారం రెండు వందల మందిలో వెతికి పట్టుకోవాలి. ఒక వారం వాడు మధ్యలో నిలబడి నేరుగా చూస్తున్నాడు. ఆ మొహం చూపిస్తే గుట్టు బయటపడుతుందని మాస్టారు బుగ్గల మీద కొంచెం నీడ వేశాడట, కనుబొమలు కొంచెం పలచన చేశాడట. ఇవన్నీ ఆయన నాకు తర్వాత చెప్పాడు. చెడ్డ బుద్ధితో చేసింది కాదు. ఫొటోలో నిలబడని రోజున పిల్లవాడు వంటపనిలోనో, కాపలా డ్యూటీలోనో ఉండి ఉంటాడు, ఆరు వారాలు నిండగానే ఫోను చేస్తాడు, ఈలోగా ఆవిడ ఎందుకు కుంగిపోవాలి అనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం. మాలో ఒక్కడికి కూడా క్యాంపుకి ఫోను చేసి అడగాలని తోచలేదు. ఫొటోలో ఉన్నవాడి గురించి ఎవరడుగుతారు?

ఏడో ఆదివారం ఫోన్ల రోజు. పదిన్నరకే అందరం ఫోన్లు గాజుబల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం. ముందు డ్రైవరుది మోగింది. ఆయన హలో అన్నాడు, ఐదు నిమిషాలూ కొడుకే మాట్లాడాడు. నా మనవడు ఐదు నిమిషాలూ తిండి గురించే చెప్పాడు. తర్వాత మాస్టారి ఫోను. ఇస్త్రీ ఆవిడ తన ఫోను బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, తర్వాత మోగేది తనదేనన్నట్టు.

మాస్టారు కొడుకు గొంతు విని గడ్డం పైకెత్తాడు. ఆ గడ్డం అలాగే ఉండిపోయింది. కొడుకు అడిగిన మొదటి మాట, వాడెలా ఉన్నాడు నాన్నా, ఇంట్లో బాగా తిట్టారా అని. మాస్టారు ఆఁ బాగున్నాడన్నాడు. లేచి వీధిలోకి వెళ్లిపోయాడు. మిగిలిన నాలుగు నిమిషాలూ ఆ పిల్లవాడి గురించే అడిగాడు. తన కొడుకు కాళ్లు బొబ్బలెక్కాయో, అన్నం తింటున్నాడో ఒక్కటీ అడగలేదు.

లోపలికొచ్చాక, లైన్లు దొరకడం లేదట, అందరికీ ఇవాళే రాకపోవచ్చట అన్నాడు. ఇస్త్రీ ఆవిడ పన్నెండుదాకా కూర్చుంది. తర్వాత, పోనీ ఫొటో చూద్దాం అన్నయ్యా అంది. ఆయన తెరిచాడు. అలవాటు పడ్డ చెయ్యి దానంతటదే ఐదో వరుసలోకి పోయి ఆ పరాయి కుర్రాడి మీద ఆగింది. ఆవిడ ఈసారి దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది.

"ఆఁ, వాడే" అంది.

ప్రింటు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మాస్టారు మా ఇంటికొచ్చాడు. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ కొట్టబ్బాయి మూడో వారం మొదట్లోనే, మంగళవారం నాడు, నావల్ల కాదని కాగితం రాసిచ్చి క్యాంపు నుంచి వచ్చేశాడు. పెట్టె సర్దుకుంటూ ఇంటికే వెళ్తున్నానని స్నేహితులకి చెప్పాడు. అది జరిగి ముప్పై మూడు రోజులు. ఇదీ ఆయన తెచ్చిన వార్త. ఒక అబద్ధం కావాలి తాతగారూ, ఇంకొక్క వారం ఆగడానికి, ఈలోగా నేనే వెతుకుతాను అన్నాడు. నా దగ్గర ఎన్నో ఉంటాయని అందరికీ తెలుసు కదా. వెతుక్కున్నాను. ఒక్కటి కూడా దొరకలేదు. ఇద్దరం కలిసి ఇస్త్రీ కొట్టుకి వెళ్లాం.

కొట్టు ఒకే గది. మధ్యన బల్ల, దాని మీద మాడు మరకల దుప్పటి, పక్కన మడతపెట్టిన చొక్కాల దొంతర్లు. బల్లకి ఎదురుగా గోడకి ఏడు ప్రింట్లు వరుసగా అంటించి ఉన్నాయి. రెండు వాళ్ల కొడుకువి, ఐదు పరాయివాడివి. భర్త ఇస్త్రీ చేస్తున్నాడు. ఆవిడ నీళ్లు చిలకరిస్తోంది.

మాస్టారు నిలబడే చెప్పాడు. కొడుకు చెప్పింది ముందు చెప్పాడు, తను చేసింది తర్వాత చెప్పాడు. ఏమీ చెరపలేదు. కనుబొమలు పలచన చేసిన సంగతి కూడా చెప్పాడు. ఆవిడ భర్త ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. చిలకరించిన నీళ్లు చొక్కా మీద అలాగే ఉన్నాయి.

"నాకు తెలుసన్నయ్యా" అంది ఆవిడ.

ఎవరికీ అర్థం కాలేదు.

"మూడో ఫొటోలోనే తెలుసు. మావాడి చెవి అలా ఉండదు."

భర్త ఆవిడ వైపు తిరిగాడు. ఆ ఏడు వారాల్లో ఆయన నోటివెంట నేను విన్న మొదటి మాట అదే. "తెలిసి ఊరుకున్నావా?"

"కాదంటే మరి మావాడేడీ అని అడగాలి కదా. అడిగితే ఎవరో ఒకరు చెప్తారు కదా." గోడమీది ఫొటోల వైపు చూసింది. "మీరంతా అంత కష్టపడి వెతికిపెడుతున్నారు. ఏ ఆస్పత్రిలోనో ఉన్నాడేమో, అందుకే నాకు చెప్పడం లేదేమో అనుకున్నా. మీకు తెలుసనుకున్నా అన్నయ్యా. మీకందరికీ తెలుసు, నాకే చెప్పడం లేదు అనుకున్నా."

మాకు తెలియదు. మేం ఆవిడ కోసం దాచామని ఆవిడ అనుకుంది, ఆవిడ నమ్మిందని మేం అనుకున్నాం. ఒకరినొకరు ఓదార్చుకుంటూ ముప్పై మూడు రోజులు కూర్చున్నాం. ఆ ముప్పై మూడు రోజులూ పిల్లవాడు ఏ రోడ్డు మీద ఉన్నాడో అడిగే దిక్కు లేకపోయింది.

ఆవిడ, నేనే అన్నాను కదా గుమ్మం ఎక్కనివ్వనని, అంది. నవ్వుతూ అన్నావమ్మా, అందరం విన్నాం అన్నాను నేను. నవ్వుతూనే అన్నాను తాతగారూ, వాడు నవ్వు మర్చిపోయి మాట గుర్తుపెట్టుకున్నాడు అంది.

మర్నాడు మాస్టారు క్యాంపు ఆఫీసుకి ఫోను చేశాడు. గుమాస్తా మర్యాదగానే రిజిస్టరు చూసి చదివాడు. సొంత ఇష్టంతో వెళ్లాడు, సంతకం ఉంది, ఇంటిదాకా ప్రయాణానికి పాసు ఇచ్చాం, ఉదయం పదకొండింటికి గేటు దాటాడు. పద్దెనిమిది నిండినవాడు కాబట్టి ఇంటికి కబురు చెయ్యాలన్న రూలు లేదు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నాయన ఒకే ప్రశ్న అడిగాడు, నెల దాటిపోయింది, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని. అడిగింది ఇస్త్రీ ఆయన్ని. ఆయన బదులు చెప్పాల్సినవాళ్లం మేం నలుగురం వెనక బెంచీ మీద కూర్చునే ఉన్నాం.

డ్రైవరు సెలవు పెట్టి క్యాంపు దాకా దారి పొడుగునా ప్రతి బస్టాండులోనూ దిగి అడిగాడు. సైన్యంలో చేరేముందు మాస్టారు తీసిన పాస్‌పోర్టు ఫొటో చూపిస్తే ఎవరూ పోల్చుకోలేదు. దాంట్లో వాడికి నుదుటి మీద పడే ఒత్తైన జుట్టుంది. జనం చూసి ఉంటే గుండుతో చూసి ఉంటారు, గుండు ఫొటో కావాలి అన్నాడు డ్రైవరు. మొదటి రెండు వారాల ఫొటోలు పెద్దవి చేస్తే మొహం చెదిరిపోతోంది. అందుకని మాస్టారు పాస్‌పోర్టు ఫొటో కంప్యూటరులో పెట్టి, జుట్టు తీసెయ్యడానికి కూర్చున్నాడు.

అది ఆదివారమే, పదిగంటలే. ఇస్త్రీ ఆవిడ ఈసారి గోడవైపు తిరగలేదు. మాస్టారి పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆయన నుదుటి దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా చెరుపుతుంటే, ఆ జుట్టు కింద తల ఏ ఆకారంలో ఉంటుందో ఆవిడే చెప్పింది. పసివాడప్పుడు నూనె రాసి, నీళ్లు పోసి, అరచేతిలో పట్టుకున్న తల. ఇక్కడ కొంచెం ఎత్తు, ఇక్కడ చదును. కుడి చెవి పైన వేలి కొనంత గుంట, ఎందుకొచ్చిందో తెలియదు, పుట్టినప్పటి నుంచీ ఉంది. ఆయన గుంట చేశాడు. అంత లోతు కాదన్నయ్యా అంది. తగ్గించాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఒకరి మొహానికి లోపం అద్దడం అదే మొదటిసారి. ఒకసారి చెయ్యి ఆపి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. కన్నార్పితే కొలత తప్పుతుందన్నట్టు చూస్తూ కూర్చుంది.

పూర్తయ్యాక భర్త తెర దగ్గరికొచ్చి చూశాడు.

"ఇప్పుడు అందరిలాగే ఉన్నాడు" అన్నాడు.

ఆ ఫొటోతో ఐదు వందల కాగితాలు అచ్చు వేశాం. డ్రైవరు, ఆయన తోటి డ్రైవర్లు బస్సులు వెళ్లినంత దూరం అంటించారు. కింద స్టూడియో ఫోను నంబరే ఉంది. ఫోన్లు వచ్చాయి. అందరూ మంచివాళ్లే. మీవాణ్ణి చూశాం, గుండు కుర్రాడు, హోటల్లో పనిచేస్తున్నాడు, రైల్వే బ్రిడ్జి కింద పడుకుంటున్నాడు అని చెప్పేవారు. ఇస్త్రీ ఆయన పదకొండుసార్లు వెళ్లొచ్చాడు. పదకొండు మంది పరాయి కుర్రాళ్లని చూసొచ్చాడు. పన్నెండోసారి వెళ్లలేదు, డ్రైవరు వెళ్లాడు.

మిగతా ముగ్గురు పిల్లలూ శిక్షణ ముగించుకుని బూట్లు టకటకలాడిస్తూ ఇంటికొచ్చారు. పరేడ్ చూడటానికి మాలో ఎవరం వెళ్లలేదు. మాస్టారి కొడుకు తండ్రితో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. ఫోనులో చెప్పిన ఆ ఒక్కమాట తను ముందే, మూడో వారంలోనే, ఎలాగోలా చేరవేసి ఉంటే అని వాడి బాధ వాడిది. ఎవరికి దొరికిన తప్పు వాళ్లు తీసుకున్నారు. అందరికీ సరిపడా ఉంది.

ఇప్పుడు మాస్టారు పాస్‌పోర్టు ఫొటోల్లో మచ్చలు చెరపడం లేదు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాడని కుర్రకారు పక్క బజారులోని స్టూడియోకి పోతున్నారు. ఆదివారాలు తలుపు సగం మూసి కూర్చుంటాడు. ఇస్త్రీ ఆవిడ వస్తుంది, పెద్దగా ఏమీ మాట్లాడుకోరు. పోయిన ఆదివారం నేనూ ఉన్నాను. ఏడాది కావస్తోంది కదా అన్నయ్యా, వాడికి జుట్టు పెరిగి ఉంటుంది, ఆ కాగితం ఇక పనికిరాదు, ఇంకోటి చెయ్యి అంది. ఆయన ఫొటో తెరిచాడు. జుట్టు ఎంత ఉంచమంటావని అడిగాడు. ఆవిడ చెవుల దాకా అంది, మళ్లీ ఎవరు కత్తిరిస్తారు, మెడ దాకా ఉంచమంది. మీసం వచ్చి ఉంటుందంది. ఆయన అన్నీ చేస్తూ వచ్చాడు.

"చిక్కి కూడా ఉంటాడు" అంది.

మాస్టారు బుగ్గల మీద నీడ వెయ్యడానికి చెయ్యి కదిపి, ఆగాడు.

"ఎంత చిక్కించమంటావమ్మా?"

ఆవిడ చాలాసేపు ఫొటో చూసింది.

"నాకు తెలియదన్నయ్యా" అంది. "నువ్వే చెప్పు."

ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.